నలభయ్యో నంబరు రాయి

సర్వేయర్ పమిడి రోశయ్య చేసిన అన్యాయం ఇది: నల్లబండపాలెం రీసర్వేకు నలభై రాళ్ళు కావలసి ఉండగా ఆఫీసు ముప్పై తొమ్మిదే పంపింది గనక, గోరంట్ల మాలకొండయ్య చేనుగట్టు మీద కదలకుండా నిలబడి ఉన్న చైనా కళాకారిణి జువాంగ్ యూలాన్‌ను నలభయ్యో హద్దురాయిగా రిజిస్టరులో రాసేశాడు. చేను గలవాణ్ణి ఒక్క మాట అడగలేదు.

నిబంధన ప్రకారం రోశయ్యను తప్పు పట్టడానికి లేదు. హద్దురాయి గట్టిగా ఉండాలి, కదలకూడదు, నేలపైన అడుగున్నరకు తగ్గకుండా కనబడాలి. యూలాన్ గట్టిగానే ఉంది. మూడు రోజులుగా కదల్లేదు. నేలపైన అయిదడుగుల రెండంగుళాలు కనబడుతోంది. నిలబడ్డది కూడా సరిగ్గా రాయి పాతవలసిన ఉత్తరపు మూలలోనే. ఆమెకు పడమట గ్రానైటు క్వారీ, తూర్పున మాలకొండయ్య ఎనభై ఆరు సెంట్లు. దక్షిణపు మూలలో మామూలు రాయి, ఆరువందల అడుగుల దూరంలో. ఆ రెంటి మధ్య గీత గీస్తే అదే హద్దు.

ఆమెది చైనాలో ఫుజియన్ రాష్ట్రం, సముద్రపు ఒడ్డున రాళ్ళు చెక్కే ఊరు. అక్కడ మగవాళ్ళు చేపలకు పోతే ఆడవాళ్ళు కావడి కట్టి బండలు మోసేవాళ్ళు. యూలాన్ తల్లి నలభై ఏళ్ళు మోసింది. కూతురు బొమ్మలు గీయదు, పాటలు పాడదు. తన ఒంటినే బొమ్మగా పెట్టుకుని, జనం ముందు ఏదో ఒక పనిని రోజుల తరబడి చేస్తుంది. అదే ఆమె కళ. షాంఘైలో, తల్లి ఒక రోజులో మోసే రాయంతా తూకం వేయించి, తొమ్మిది రోజులు ఒక హాలు ఈ గోడ నుంచి ఆ గోడకు మోసింది. బీజింగ్‌లో ఒక ఆఫీసు ముందు వంద రోజులు క్యూలో నిలబడింది. కిటికీ దగ్గరకు చేరిన ప్రతిసారీ వెనక్కి వెళ్ళి మళ్ళీ చివర నిలబడింది. ఈ రెండోదాన్ని నల్లబండపాలెంలో ఎవరూ కళగా ఒప్పుకోలేదు. పింఛను కోసం అది ఇక్కడ అందరూ చేసేదే.

ఇప్పుడు ఆమె ఊరి కార్ఖానాలకు వచ్చే నల్లరాయి నల్లబండపాలేనిది. రాయి పోయిన చోట రాయిగా ఒక ఏడాది నిలబడాలని ఆమె వచ్చింది. చైనావాళ్ళకు రాయి అమ్మీ అమ్మీ ఆ భాష పట్టుబడిన బ్రోకరు హనుమారెడ్డి ఆమె షరతులు ఊరికి వివరించాడు. తనంతట తాను అడుగు తీయదు. ఎవరైనా చేత్తో జరిపితే జరుగుతుంది. ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ఇందులో వింతేముందని ఊళ్ళో వాళ్ళన్నారు, రాయి పద్ధతే అంత.

ఊరికి మాత్రం గర్వంగానే ఉంది. ఇన్నేళ్ళూ ఇక్కడి రాయి చైనా పోవడమే గానీ, చైనా నుంచి ఇక్కడికి రాయి రావడం ఇదే మొదలు. మాలకొండయ్య భార్య అంకమ్మ మొదటి శుక్రవారమే పాదాలకు పసుపు రాసి, నుదుట బొట్టు పెట్టింది. రెండు పూటలా అన్నం తెచ్చి, నిలబడి ఉండగానే ముద్దలు కలిపి పెట్టేది. పక్కన కూర్చుని, వింటున్నదో లేదో చూసుకోకుండా ఊరి సంగతులన్నీ చెప్పేది. పొద్దుగూకాక యూలాన్ ఉన్నచోటనే పడుకునేది. అందువల్ల రోశయ్య రిజిస్టరులో రోజూ రెండు వరసలు రాయవలసి వచ్చేది: సాయంత్రం ఆరుకు రాయి పడిపోయినది, ఉదయం ఆరుకు రాయి నిలబెట్టబడినది.

చిక్కు క్వారీతో వచ్చింది. నెలకొకసారి పెద్ద పేలుడు ఉంటుంది. సైరన్ మోగాక ప్రాణమున్నదేదీ అంచున ఉండకూడదు, నాలుగడుగులైనా వెనక్కి జరగాలి. నాలుగడుగులే ఎందుకో ఎవరికీ తెలియదు. ఈమె ప్రాణా, రాయా తేల్చమని క్వారీ మేనేజరు తహసీల్దారుకు ఉత్తరం పెట్టాడు. పదిహేడు రోజులకు జవాబు వచ్చింది. పేలుడు సమయంలో ప్రాణిగాను, మిగతా సమయంలో రాయిగాను పరిగణించవలెను. హద్దురాయిని ముట్టుకునే హక్కు ఇరుపక్కల భూమి గలవారికే ఉన్నది. క్వారీ వారు తమ దగ్గర అందుకు మనుషులు లేరని రాసిచ్చారు. మిగిలింది మాలకొండయ్య.

మొదటి పేలుడు నాడు ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆమెను రెండు చేతులా ఎత్తి, నాలుగడుగులు తూర్పుకు, తన చేలోకి తెచ్చి దించాడు. పేలుడు అయిపోయాక మళ్ళీ ఎత్తి యథాస్థానంలో పెట్టబోతుంటే రోశయ్య ఆపాడు.

"మాలకొండయ్యా, పేలుడయింది. ఇప్పుడది రాయి. రాయెక్కడుంటే హద్దు అక్కడే."

"అట్టయితే ఈసారి పడమటికి జరుపుతాలే," అన్నాడు మాలకొండయ్య.

"పడమట నూటయాభై అడుగుల గొయ్యి గదయ్యా. రాయి నిలవొద్దా?"

ఆ లెక్కన ప్రతి పేలుడుకూ చేనులోంచి ఒక బద్ద తెగి క్వారీలో కలిసింది, రెండు సెంట్ల ముప్పావు. తమ హద్దు పెరిగింది గనక క్వారీ వారు అంతవరకూ తవ్వేవారు. తవ్వాలి గనక మళ్ళీ పేల్చేవారు. మాలకొండయ్య అర్జీ పెట్టాడు. రాయి తనంతట తాను కదలలేదనీ, దాన్ని జరిపినది అర్జీదారుడేననీ, అందువల్ల విచారించవలసినది ఏమీ లేదనీ జవాబు వచ్చింది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఏడో నెల సైరన్ మోగినప్పుడు ఆయన లేవలేదు. మోటారు షెడ్డు దగ్గర చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఈసారి ముట్టుకోనని అంకమ్మతో ముందే చెప్పాడు. ముట్టుకోకపోతే హద్దు ఉన్నచోటే ఉంటుంది. యూలాన్ ఆయన వైపు చూడలేదు, పిలవలేదు. రాళ్ళు పిలవవు. పేలుడు జరిగింది. బెల్లపు అచ్చంత రాతిముక్క ఎగిరొచ్చి ఆమె భుజానికి తగిలింది. తెల్లచొక్కా మోచేతి దాకా ఎర్రబడింది. ఆమె మాత్రం కదల్లేదు.

పేలుడు అయ్యాక వచ్చిన రోశయ్య, రాయి అంచు కొద్దిగా చెక్కు లేచినదని రాసుకున్నాడు. అంకమ్మ తన చీరకొంగు చించి కట్టు కట్టింది. కట్టు ముడి వేస్తూ మొగుడి వైపు తిరగకుండానే అంది: "రెండు సెంట్లు మిగిల్చావు. తీసుకుపోయి దాచుకో. ఇకనించీ నువ్వు రావాకు, నేనే మోస్తా. అన్నం పెట్టిన చెయ్యి మోయలేకపోదు."

మాలకొండయ్య లేచి వచ్చి, యూలాన్‌ను ఎత్తి నాలుగడుగులు ఇవతల పెట్టాడు. ఆలస్యంగా జరిపినా, తన చేను తానే తగ్గించుకునేవాణ్ణి ఆపే నిబంధన లేదు గనక, ఆ నెల బద్ద ఆ నెలే తెగింది. తర్వాతి అయిదు పేలుళ్ళకూ సైరన్ కంటే ముందే ఆయన గట్టున ఉన్నాడు. చూడటానికి ఒంగోలు నుంచి, ఒకసారి చెన్నై నుంచి కూడా జనం వచ్చారు. ఎంత నిబ్బరంగా ఎత్తుతున్నాడో చూడండని వాళ్ళు చెప్పుకుంటుంటే, మాలకొండయ్య విననట్టు నిలబడి విన్నాడు. అంత జాగ్రత్తగా ఎవరూ ఆయన్ను అంతకు ముందు చూడలేదు.

మూడువందల అరవై అయిదో రోజు సాయంత్రం యూలాన్ తనంతట తాను మొదటి అడుగు తీసింది. కాళ్ళు నిలవక అంకమ్మ భుజం పట్టుకుంది. ఏడాది పొడుగునా ఆ మనిషి దగ్గర విన్న తెలుగులో, మాలకొండయ్యతో ఏడాదికీ కలిపి ఒక్కసారే మాట్లాడింది.

"అన్నా, మా అమ్మ నలభై ఏళ్ళు మోసింది. మోసినోళ్ళ పేరు ఎవురూ రాయలా. నేను రాస్తా."

ఆమె వెళ్ళిన మర్నాడు ఆఫీసు నుంచి నలభయ్యో రాయి వచ్చింది. రోశయ్య దాన్ని ఆమె పాదాల గుర్తులున్న చోట, నలభై ఎనిమిది అడుగులు ఇవతల, సిమెంటు పోసి పాతించాడు. పాసుపుస్తకం మారింది. మాలకొండయ్య పేరున యాభై మూడు సెంట్లు నిలిచాయి. కొత్త పుస్తకం తీసుకున్నట్టు ఆయన సంతకం పెట్టాడు.

ఆరు నెలల తర్వాత షాంఘై నుంచి ఒక పెద్ద అట్ట వచ్చింది. అక్కడి ప్రదర్శనశాలలో ఆ ఏడాది ఫొటోల కింద తగిలించిన చీటీకి నకలు అది. పోయిన చేను తన పేరు పక్కన రాసి ఉన్న కాగితం లోకం మొత్తం మీద ఇప్పుడు అదొక్కటే గనక, మాలకొండయ్య దానికి అద్దం కట్టించి, వచ్చినవాళ్ళకు కనబడేలా వాకిట్లో పెట్టుకున్నాడు. హనుమారెడ్డి ఎప్పుడు అటు వచ్చినా ఆపి చదివించుకుంటాడు. తప్పు పోకుండా, నిదానంగా, గొంతు పెంచి చదవమంటాడు. హనుమారెడ్డి చదువుతాడు. పేరు: హద్దు. కళాకారులు: జువాంగ్ యూలాన్, గోరంట్ల మాలకొండయ్య. వాడిన సరుకు: ఒక ఆడమనిషి ఒళ్ళు, ఒక రైతు చేతులు, భూమి ముప్పై మూడు సెంట్లు.