అమ్ముకున్న సీట్లో అరువు డోలు

కళ్ళజోళ్ళ దుకాణం ఆయన్ని వీధిలో అందరూ లాభాలరావు అంటారు. ఆ పేరు పెట్టింది బావమరిది. కొత్త బోర్డు రాయించేటప్పుడు అక్షరానికింత అన్నారని సొంత పేరు ఎగరగొట్టి, ‘కళ్ళజోళ్ళు’ అని ఒక్క మాటే రాయించాడాయన. దాంతో బావమరిది పెట్టిన పేరే ఖాయమైపోయింది.

ఊరందరి చూపూ సరిచేసే మనిషి. ఆయన చూపు మాత్రం ఎప్పుడూ ఒక్కవైపే: ఇందులో మనకేం మిగులుతుంది? పక్కింటివాళ్ళు ఊరెళ్తూ తమ కుక్కని అప్పజెబితే, దాన్ని దుకాణం ముందు కట్టి కాపలావాడికి సెలవిచ్చేశాడు. ఆ కుక్క మొదటిరోజే ముగ్గుర్ని తరిమింది. పరిగెత్తడంలో ముగ్గురి కళ్ళజోళ్ళూ పగిలి, మళ్ళీ ఈయన దగ్గరికే వచ్చారు. అదీ లాభంలోకే వేసుకున్నాడు.

భార్య బడిపిల్లల బస్సు నడుపుతుంది. వెనక ఏ సీట్లో ఏ పిల్లాడు ఎవరి జడ లాగుతున్నాడో తల తిప్పకుండా అద్దంలో చూసి చెప్పేస్తుంది. అలాంటి మనిషి కళ్ళు కప్పడం అయ్యే పని కాదని పెళ్ళైన వారానికే తెలిసిపోవాలి. లాభాలరావుకి ఇంకా తెలియలేదు. ఆశాజీవి.

వాళ్ళకి ఒక్కతే కూతురు. చిట్టి అంటారు. ఆ పేరు పెట్టినప్పుడు మూరెడుంది గానీ, ఇప్పుడు గుమ్మం దాటాలంటే తల వంచాలి. ఊరి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరు. కాస్త సరిచేసి చెప్పాలంటే, రెండో గోల్‌కీపరు. మొదటి ఆవిడకి జలుబైనా చేయాలి, కాలైనా బెణకాలి, అప్పుడు గానీ ఈ పిల్లకి ఆట రాదు. ఆ మొదటి ఆవిడేమో ఉక్కుతో చేసిన మనిషి. సీజను మొదలైనప్పట్నుంచీ ఒక్క తుమ్ము తుమ్మిన పాపాన పోలేదు.

ఆడేవాళ్ళ ఇంటికి ప్రతి మ్యాచ్‌కీ రెండు టికెట్లు ఇస్తారు. గోలు వెనక, కంచెని ఆనుకుని, మంచి సీట్లు. మొదట్లో మొగుడూ పెళ్ళాలిద్దరూ ముస్తాబై వెళ్ళేవారు. కూతురు బెంచీ మీద కూర్చునేది, వీళ్ళు గ్యాలరీలో కూర్చునేవారు, ఆటయ్యాక ముగ్గురూ కలిసి లేచేవారు. కొన్నాళ్ళకి ఆయనకి విసుగు పుట్టింది. కూర్చున్న పిల్లని చూడ్డానికి అంత దూరం పోవాలా, ఇంట్లో సోఫా లేదా అన్నాడోసారి. ఆ పూట కూరలో ఉప్పు పడలేదు. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇలా ఉండగా పక్క ఊరి జట్టుతో మ్యాచ్ వచ్చింది. ఆ ఊరివాళ్ళది మామూలు పిచ్చి కాదు. వాళ్ళ జట్టు రంగు నారింజ. ఇళ్ళ తలుపులకి కూడా అదే రంగు వేసుకుంటారని చెప్పుకుంటారు. వాళ్ళకి కేటాయించిన సీట్లు ఏ మూలకీ చాలక, మన ఊళ్ళో ఎవరి దగ్గర టికెట్ ఉంటే వాళ్ళ దగ్గర కొనుక్కుంటూ వీధివీధీ తిరుగుతున్నారు.

మ్యాచ్ ముందురోజు ఓ బుర్రమీసాలాయన విరిగిన కళ్ళజోడు పట్టుకుని దుకాణానికి వచ్చాడు. కాడ ఊడిపోయింది. అది బిగిస్తుంటే తన గోడు చెప్పుకొచ్చాడు. వాళ్ళ అభిమానుల సంఘానికి ఆయనే పెద్దట. ఇంకా రెండు సీట్లు తగ్గాయట. ఎంతకి కొంటున్నారేమిటని లాభాలరావు ఊరికే అడిగినట్టు అడిగాడు. మూడింతలకి, అన్నాడు మీసాలాయన.

చేతిలో మరమేకు కిందపడింది. దాన్ని వెతకడానికి వంగిన లాభాలరావు, లేచేటప్పుడు సొరుగులోంచి టికెట్లు తీసుకుని మరీ లేచాడు. తనకి ఆటల మీద పెద్ద మోజు లేదని, ఎవరో ఇస్తే పడున్నాయని చెప్పాడు. టికెట్లు అమ్మాడు, కాడ బిగించిన కూలీ కూడా విడిగా పుచ్చుకున్నాడు.

సాయంత్రం భార్య ఇంటికి రాగానే, అద్దంలేని చోటు చూసుకుని నిలబడి, ముందే అల్లుకున్న మాట వదిలాడు.

“ఈసారి ఇళ్ళవాళ్ళకి టికెట్లు ఇవ్వట్లేదట. రద్దీ ఎక్కువగా ఉందట.”

“ఎవరు చెప్పారు?”

“అందరూ అనుకుంటున్నారు.”

“అలాగా,” అంది ఆవిడ. “అయితే రేపు ఇంట్లో ఉండి చేసేదేముంది? బస్సు ఓనరు పక్క ఊరి ట్రిప్పుకి రమ్మన్నాడు. మ్యాచ్ ఉందని రానన్నాను. ఇప్పుడు వస్తానని చెప్తాను.”

లాభాలరావుకి ఒక్క రాయితో రెండు పళ్ళు రాలినట్టయింది. టికెట్ల డబ్బుకి తోడు ట్రిప్పు డబ్బు. ఆ సంతోషంలో, పక్క ఊరి నుంచి రేపు ఇక్కడికి బస్సేసుకుని వచ్చేవాళ్ళు ఎవరై ఉంటారో ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ బస్సుకి వెళ్ళిపోయింది. ఈయన దుకాణం తెరిచి అద్దాలు తుడుచుకుంటుంటే, జట్టు బసలో ఉన్న కూతురు ఫోన్ చేసింది. ఉక్కుమనిషి మెట్ల మీద కాలు జారి మడమ బెణికించుకుందట.

“నాన్నా, ఇవాళ నేనే ఆడుతున్నా. భయంగా ఉంది. నువ్వూ అమ్మా ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చోండి. గోల్లో నిలబడి వెనక్కి తిరిగితే మీరు కనబడతారు. అది చాలు నాకు.”

“అలాగేనమ్మా,” అన్నాడు. ఇంకేమంటాడు?

ఫోన్ పెట్టేసి, తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాడు. అందులో కనబడ్డ మొహం ఆయనకే నచ్చలేదు. దుకాణం మూసి రోడ్డెక్కాడు.

మందుల షాపాయనకి ఏడాది పొడుగునా చెల్లే సీటుంది. అడిగితే, ఆయన నిన్ననే అమ్మేశాడు. దర్జీ అమ్మేశాడు. బ్యాంకులో క్యాషియరు తన టికెట్‌తో పాటు అత్తగారి టికెట్ కూడా అమ్మేసి, ఆవిడకి ఏం చెప్పాలో తెలియక లోపల గడియ పెట్టుకుని కూర్చున్నాడు. ఊళ్ళో తెలివైనవాణ్ణి తానొక్కణ్ణే అనుకున్న లాభాలరావుకి, వీధికి నలుగురు చొప్పున ఉన్నారని అప్పుడు తెలిసింది.

స్టేడియం ముందు ఎటు చూసినా నారింజ రంగే. ఆకుపచ్చ మన జట్టు రంగు. ఆ రంగులో మిగిలింది గ్రౌండులో గడ్డి ఒక్కటే. గేటు దగ్గర కాపలావాడితో తాను గోల్‌కీపరు తండ్రినని చెప్పుకున్నాడు. పొద్దుట్నుంచి వచ్చిన తండ్రుల్లో మీరు నాలుగోవారు, పక్కకి నిలబడండి అన్నాడు వాడు.

పక్కకి నిలబడి, అటు పరిగెత్తి, ఇటు పరిగెత్తి, ఎండలో చెమటలు కక్కుతుంటే ఎవరో భుజం తట్టారు. నిన్నటి మీసాలాయన. చేతిలో బానంత డోలు. తమ డోలు వాయించే మనిషి చేతికి దెబ్బ తగిలి రాలేదని, ఒక సీటు ఉందని, డోలు వాయించడం వచ్చా అని అడిగాడు.

“పుట్టుకతో వచ్చు,” అన్నాడు లాభాలరావు. జన్మలో ఎప్పుడూ తలుపు తప్ప ఏదీ వాయించి ఎరగడు.

అయితే ఇది తొడుక్కోండి అని నారింజ రంగు చొక్కా ఒకటి ఇచ్చాడు మీసాలాయన. అది అసలు డోలు మనిషిది. అందులో లాభాలరావు పట్టగా ఇంకో లాభాలరావుకి చోటుంది. మెడలో డోలు, మోకాళ్ళ దాకా చొక్కా వేసుకుని గుంపుతో పాటు లోపలికి నడిచాడు. కంచె పక్కన ఆయన్ని కూర్చోబెట్టిన సీటు, నిన్న ఆయన అమ్మిన సీటే. పక్క సీట్లో ఖాకీ కోటుతో కూర్చున్న మనిషి ఆయన భార్య.

డోలు లేకపోతే కిందపడేవాడే. డోలు అడ్డొచ్చి ఆగాడు.

ఆవిడ ఆయనవైపు తిరగలేదు. బస్సు నడిపేటప్పుడు చూసినట్టే నిటారుగా ముందుకి చూస్తూ, పెదాలు కదిలీ కదలకుండా అడిగింది.

“ఇవాళ టికెట్లు ఇవ్వట్లేదన్నారుగా?”

“నువ్వెలా వచ్చావు?”

“బత్తా వద్దు, టికెట్ ఇమ్మన్నాను. ఇచ్చారు. మీరెలా వచ్చారు?”

“నాకు డోలు ఇచ్చారు,” అన్నాడు ఆయన నీరసంగా.

“ఎంతకి ఇచ్చారు?”

జవాబు కోసం ఆవిడ ఆగలేదు. “ముందుకి చూడండి, పిల్ల వస్తోంది,” అంది.

చిట్టి గోలు దగ్గరికి నడుచుకుంటూ వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. గోలుస్తంభాన్ని చేత్తో ఓసారి తాకి, వెనక్కి తిరిగి ఎప్పటి సీట్లవైపు చూసింది. నారింజ సముద్రం మధ్యలో అమ్మ కనిపించింది. అమ్మ పక్కన, ఎదుటి జట్టు చొక్కాలో మునిగిపోయి, మెడలో డోలుతో నాన్న కనిపించాడు. ఆ పిల్ల ఒక్క క్షణం కళ్ళు చికిలించింది. తర్వాత గ్లవుజు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎంతకీ ఆపుకోలేక, అటు తిరిగి మోకాళ్ళ మీద చేతులానించి మరీ నవ్వింది.

ఆట మొదలైన కాసేపటికే వాళ్ళు ఒక గోలు కొట్టేశారు. ఎవరి తప్పూ కాదు, బంతి ఎవరి కాలికో తగిలి దారి మార్చుకుంది. గ్యాలరీ అంతా లేచింది. డోలు డోలు అని అరిచారు. సొంత కూతురి గోల్లో బంతి పడినందుకు డోలు వాయించాల్సిన తండ్రి లోకంలో ఇంకెవడైనా ఉన్నాడో లేడో తెలియదు గానీ, లాభాలరావు వాయించాడు. నాలుగు దెబ్బలు, చావుకబురు చెప్పినట్టు. పక్కనుంచి భార్య చూసిన చూపుకి అయిదో దెబ్బ పడలేదు.

ఆ తర్వాత చిట్టి ఒక్కటి వదల్లేదు. పైకొచ్చినదాన్ని పైన పట్టుకుంది, నేల మీద వచ్చినదాని మీద పడుకుంది. ఓసారి గాల్లోకి అడ్డంగా లేచి వేలికొసలతో బంతిని బయటికి నెట్టేసింది. ఇంట్లో బీరువా మీది డబ్బాలు అందుకోవడానికి తప్ప ఆ పొడుగు ఎందుకూ పనికిరాదనుకున్నాడు తండ్రి. ఆ బంతి బయటికి పోయినప్పుడు ఆయన చెయ్యి దానంతటదే లేచి డోలు మీద ధనామని పడింది.

మీసాలాయన తిరిగి చూశాడు.

“చెయ్యి జారింది,” అన్నాడు లాభాలరావు.

రెండో సగంలో మన జట్టు గోలు కొట్టి సమం చేసింది. గ్యాలరీలో చప్పుడు లేదు. ఒక్క డ్రైవరమ్మ మాత్రం చప్పట్లు కొడుతోంది. అందరూ అటు చూస్తే, పొద్దుట్నుంచి స్టీరింగు పట్టుకుని చేతులు తిమ్మిరెక్కాయి, ఇలా కొడితే పోతుంది అంది.

ఆట ఇక అయిపోతుందనగా మన పిల్ల ఒకతి గోలు ముందే ఎదుటివాళ్ళ అమ్మాయి కాళ్ళకి అడ్డం పడింది. పెనాల్టీ ఇచ్చారు. కొట్టే అమ్మాయి ఒకవైపు, ఆపాల్సిన చిట్టి ఒకవైపు, మధ్యలో బంతి. మీసాలాయన వంగి, ఇప్పుడు వాయించండి, ఆ గోల్‌కీపరు గుండె అదిరిపోవాలి అన్నాడు.

లాభాలరావు డోలు కర్రలు రెండూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువుగా కూర్చున్నాడు. మీసాలాయన వాయించమంటాడు, ఈయన కదలడు. ఆ గ్యాలరీకి డోలు లేనిదే కేక వేయడం అలవాటు లేదు. అంతా అలా నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. ఆ నిశ్శబ్దంలో ఆయన చెయ్యి పక్కకి పోయి భార్య చెయ్యి పట్టుకుంది. ఆవిడ విడిపించుకోలేదు.

కొట్టే అమ్మాయి ఎడమకి కొట్టింది. చిట్టి అటే దూకింది. బంతి పొట్టకి హత్తుకుని, మట్టిలో బోర్లా పడి, బిడ్డని దాచుకున్నట్టు దాచుకుంది.

లాభాలరావు లేచాడు. కర్రలు తీశాడు. అప్పుడు వాయించాడు డోలు. రాని విద్యంతా ఒక్కసారిగా వచ్చేసింది. చుట్టూ నారింజ రంగు మనుషులు తిట్టారు, చొక్కా లాగారు, డోలు లాక్కోబోయారు. ఆయనకి ఏదీ వినబడలేదు. చివరికి మీసాలాయన రెండు చేతులూ పట్టుకుని ఆపి, నీకేమైనా పిచ్చా అని అడిగాడు.

“ఆ పిల్ల మా అమ్మాయండీ,” అన్నాడు లాభాలరావు. కళ్ళజోడు మసకేసింది. ఊరందరి అద్దాలూ తుడిచే మనిషి, తన అద్దం తుడుచుకోవడం మరిచిపోయాడు.

మీసాలాయన గోలువైపు చూశాడు, ఈయనవైపు చూశాడు. కోపం పోయింది గానీ, పోతూ పోతూ ఒక మాట అనిపించింది.

“మాకు అలాంటి గోల్‌కీపరుంటే, మేం సీట్లు అమ్ముకోమండీ.”

మ్యాచ్ సమంగా ముగిసింది. ఆ ఆటకి అది గెలుపు కిందే లెక్క. చిట్టి కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చి, ఇద్దర్నీ చూసి మళ్ళీ నవ్వింది. నాన్నని ఆ వేషంలో చూడగానే భయమంతా పోయిందని చెప్పింది. అసలు ఆ చొక్కా ఏమిటని అడిగింది. “అదో పెద్ద కథ, ఇంటికొచ్చాక మీ నాన్నే చెప్తారు,” అంది తల్లి. జట్టు పిల్లల్ని బస్సెక్కించడానికి పిలుస్తున్నారని ఆ పిల్ల వెళ్ళిపోయింది. తల్లి కూడా తన బస్సు తీయడానికి ముందుగా నడిచింది.

లాభాలరావు డోలు తిరిగి ఇచ్చేద్దామనే మీసాలాయన వెంట బస్సు దాకా వెళ్ళాడు. ఇచ్చేసి దిగిపోవాలి. కానీ బస్సులో ఎవరి నోట విన్నా గోల్‌కీపరు మాటే. తిట్టేవాళ్ళు తిడుతున్నారు, ఆ తిట్లలో కూడా ఎంత మెచ్చుకోలో. ఆయన ముందు సీటువాళ్ళకి చెప్పాడు, అది మా అమ్మాయని. తర్వాతి సీటువాళ్ళకీ చెప్పాడు. బస్సు కదిలింది. ఆయన దిగలేదు. పక్క ఊరికి పోతున్నాననే ధ్యాసే లేదు. సగం బస్సు అయ్యేసరికి డ్రైవరు సీట్లోంచి, తల తిప్పకుండా, ఓ గొంతు వినిపించింది.

“డ్రైవరుక్కూడా చెప్పరాదూ? ఆ పిల్లని తొమ్మిది నెలలు మోసింది ఆవిడే. తెలిస్తే సంతోషిస్తుంది.”

బస్సంతా పక్కున నవ్వింది. అందరికన్నా ముందు తేరుకున్నవాడు మీసాలాయన. పొద్దున్న వచ్చేటప్పుడు తాను దారి పొడుగునా కళ్ళజోళ్ళాయన సంగతే చెప్పి నవ్వానని, ఇంకో రెండింతలు అడిగినా ఇచ్చేవాళ్ళమని కూడా అన్నానని గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు. ఆ మాట విన్నాకే కాబోలు ఈవిడ బత్తా వదులుకుని టికెట్ అడిగింది.

“అయితే అమ్మా, గేటు దగ్గర ఆ చెమటలు పట్టినాయన డోలు బ్రహ్మాండంగా వాయిస్తాడని మీరు చెప్పింది...”

“ఎండలో అలా తిరుగుతుంటే చూడలేకపోయాను,” అంది ఆవిడ.

లాభాలరావు డోలు దించి సీటు కింద పెట్టాడు. ఊగుతున్న బస్సులో సీటూ సీటూ పట్టుకుంటూ ముందుకొచ్చి, భార్య పక్కన ఇంజను పెట్టె మీద ఒదిగి కూర్చున్నాడు. ఏమోయ్ అన్నాడు. ఊఁ అంది ఆవిడ. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నోట ఎన్నడూ రాని మాటేదో గొంతు దాకా వచ్చింది. అది పెదాలు దాటబోయేంతలో వెనకనుంచి ఎవరో, ఆ పిల్లకి ఆట ఎవరు నేర్పారండీ అని అడిగారు.

ఆయన ఆ మాటని అక్కడే వదిలేసి గిరుక్కున వెనక్కి తిరిగాడు. చిన్నప్పుడు తాను దుకాణం మీది అరలోంచి ఖాళీ డబ్బాలు విసురుతుంటే ఆ పిల్ల కింద నిలబడి ఎలా పట్టేదో మొదలుపెట్టాడు.

డబ్బాలు విసిరింది ఆవిడే. అయినా వెనక సీటు దాకా వినబడాలని బస్సు వేగం కాస్త తగ్గించింది.