లాయరుగారి వీపు మీద గులాబీలు

ఆ రోజు ఉదయం సగమమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి భర్త కోర్టుకు వెళతాడు. ఆ తర్వాతి గంటలో మిగిలిన రెండు వరసల వల అల్లేస్తుంది. ఇంకో అరగంటలో కుట్లు కత్తిరించి లేసు కాలరును గుడ్డ నుంచి విడదీస్తుంది. ఒంటిగంటలోపు లైబ్రరీ హాల్లో, ప్రదర్శనకు వస్తువులు తీసుకునే బల్ల మీద, లేసు టీచరు ముందు పెడుతుంది. ఇంత చిన్న పథకానికి ఎవరికీ గుండెదడ రాదు. ఆమెకు మాత్రం లేచినప్పటినుంచీ అరచేతులు చెమటలు పడుతూనే ఉన్నాయి.

సగమమ్మ అనేది అత్తగారు పెట్టిన పేరు. ఇంట్లో ఒక చెయ్యి మాత్రమే ఉన్న స్వెట్టరుంది, రెండు గోడలకు రంగు వేసిన గది ఉంది, పన్నెండో పాఠం దగ్గర ఆగిన వీణ ఉంది. కోడలికి ఓపిక లేదని అందరూ అనుకుంటారు. అసలు సంగతి అది కాదని ఆమెకు తెలుసు. సగంలో ఉన్నదాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. పూర్తయ్యిందంటే మాత్రం నలుగురూ కళ్లజోళ్లు తుడుచుకుని దగ్గరికొస్తారు. ముగింపు కనబడగానే ఆమె లోపల ఎవరో లేచి చెప్పుల కోసం వెతుక్కుంటారు.

ఈసారి అలా కాకూడదని ఒట్టు పెట్టుకుంది. ఐరిష్ లేసు నేర్చుకోవడానికి ఆరు నెలలు క్లాసుకు వెళ్లింది. "ముక్కలు ముక్కలుగా చేసే పనిట. నీ కోసమే కనిపెట్టినట్టున్నారు" అంది అత్తగారు. నిజంగానే ముక్కల పని. లావుపాటి దారం చుట్టూ గులాబీలు, మూడాకులు విడివిడిగా అల్లుకోవాలి. వాటిని ముదురు రంగు మందపాటి గుడ్డ మీద బోర్లా పరిచి, పెద్ద పెద్ద కచ్చా కుట్లతో అంటించాలి. పువ్వుకీ పువ్వుకీ మధ్య ఖాళీల్లో వల అల్లాలి. అంతా అయ్యాక కుట్లు కత్తిరిస్తే లేసు ఊడి చేతికొస్తుంది. దాని మొహం అప్పుడే కనిపిస్తుంది. అప్పటిదాకా అల్లినవాళ్లు కూడా దాని వీపునే చూస్తూ ఉండాలి.

ముదురు రంగు గుడ్డ కోసం ఇల్లంతా వెతికితే భర్త పాత నల్లగౌను దొరికింది. ఆయన లాయరు, కొత్త గౌను కుట్టించుకున్నాడు. పాతదాని వీపు భాగం వెడల్పుగా, ముడతల్లేకుండా ఉంది. భుజాల కింద సుద్దముక్కతో కాలరు ఆకారం గీసి, తొమ్మిది గులాబీలూ పద్నాలుగు ఆకులూ అక్కడే కుట్టింది.

స్నానం చేసి వచ్చేసరికి కుర్చీ మీద గౌను లేదు.

"అత్తయ్యా, ఇక్కడ నల్లగౌను పెట్టాను, చూశారా?"

"మడతపెట్టి వాడి సంచీలో పెట్టి పంపేశానమ్మా. గౌను మర్చిపోయి వెళతాడేమోనని. ఈ ఇంట్లో ఒక్కరైనా పని పూర్తిగా చెయ్యాలిగా!"

సగమమ్మ బీరువా తెరిచింది. కొత్త గౌను బుద్ధిమంతుడిలా హ్యాంగరుకు వేలాడుతోంది. భర్తకు ఫోను చేసింది. ఎప్పటిలాగే పక్కగదిలో మోగింది. దారం బంతి, క్రోషా సూది, కత్తెర, కొత్త గౌను సంచీలో కుక్కుకుని బస్సెక్కింది. బస్సు ఆగినప్పుడల్లా ఆమె సీట్లోంచి లేచి నిలబడింది. అలా నాలుగుసార్లు లేచాక పక్కావిడ, "ఎక్కడ దిగాలో తెలీదా అమ్మా?" అని జాలిపడింది.

కోర్టు గేటు దగ్గర కాపలా మనిషి సంచీ తెరిపించాడు.

"కత్తెర లోపలికి తీసుకెళ్లకూడదమ్మా."

"మా ఆయన వీపు మీద కుట్లు కత్తిరించాలండీ!"

అతను ఆమెను జాలిగా చూశాడు. "దానికి ఆసుపత్రి ఎదురు సందులో ఉంది." కత్తెర తీసి సొరుగులో పడేశాడు. క్రోషా సూదిని వేలికి గుచ్చి చూసుకుని, గుచ్చుకోలేదు గనక తిరిగిచ్చాడు.

అంటే ఇప్పుడు ఆమె లేసును పూర్తి చేయగలదు, ఊడదీయలేదు. ఇంతకాలం ఆమె బతుకు దీనికి సరిగ్గా తలకిందులుగా నడిచింది, దేన్నీ పూర్తి చేయకుండానే వదిలించుకునేది.

లోపల అప్పటికే వ్యవహారం ముదిరింది. లాయరుగారు వరండాలో ఎవరితోనో మాట్లాడుతూనే గౌను తొడుక్కున్నాడు. తన వీపు ఎవరికి కనబడుతుంది గనక! చూసినవాళ్లేమో ఆయనకు చెప్పలేదు. మనిషి మొహం మీద మసి ఉంటే చెప్పే స్నేహితులుంటారు, వీపు మీద గులాబీలుంటే వాటికేదో కారణం ఉంటుందనుకుంటారు. లాయర్ల సంఘం కార్యదర్శి ముందుగా చూశాడు. ఏదో నిరసన మొదలైందని, తనకు తెలియకుండానే మొదలైందని ఆయనకు భయం పట్టుకుంది. కార్యదర్శి వెనకబడితే ఎలా? చేతిరుమాలు తీసి, ఫైలుకు గుచ్చిన గుండుసూదితో వీపుకు తగిలించుకున్నాడు. ఆయన్ని చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరో ఆరుగురు. సగమమ్మ తలుపు దగ్గరికొచ్చేసరికి కోర్టులో సగం వీపులు తెల్లబడ్డాయి.

జడ్జిగారికి అందరి మొహాలే కనబడతాయి గనక కాసేపు ఏమీ తెలియలేదు. ఒక కుర్ర లాయరు ఫైలు కోసం వెనక్కి తిరిగాడు.

"ఏమిటయ్యా ఆ గుడ్డ?"

కార్యదర్శి లేచాడు. తెలియదనడం ఆయన పదవికి తగదు. "నిరసన సార్. మా డిమాండు... కుర్చీలు, సార్. కొత్త కుర్చీలు."

"దీనికి నాయకుడెవరు?"

అందరి చూపులూ లాయరుగారి వైపు తిరిగాయి. సరిగ్గా అప్పుడే ఆయన వాయిదా అడగడానికి నోరు తెరుస్తున్నాడు. రెండిళ్ల మధ్య గోడ ఎవరిదన్న కేసు అది. ఆరేళ్లుగా ఆయన చేతిలో ఉన్న కేసు అదొక్కటే. "సార్, ఇంకో తేదీ..."

"ఓహో, వాయిదా కూడా నిరసనలో భాగమా? కుదరదు. ఇప్పుడే వాదించండి."

లాయరుగారు ఫైలు తిరగేయసాగాడు. పార్టీ వాళ్లు, అంటే కక్షిదారులు, తమ లాయరు వెనక నిలబడటం ఆ కోర్టులో పద్ధతి. గోడ తనదన్న పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. సగమమ్మ కూడా గబగబా వెళ్లి ఆయన పక్కన చేరింది. భర్తది వెడల్పాటి ఒళ్లు. దాని వెనక మరో ఇద్దరున్నా జడ్జిగారికి కనబడరు.

"ఏవండీ, కదలకండి" అంది గుసగుసగా.

"నువ్వా! ఇక్కడెందుకున్నావ్?"

"మీ వీపు మీద నా లేసుంది."

"నా వీపు మీద ఏముంది?"

"ఏమంటున్నారు మీరు?" అన్నారు జడ్జిగారు.

"గోడ ఉంది అంటున్నాను సార్! రెండిళ్ల మధ్య ఒక గోడ ఉంది."

అలా వాదన మొదలైంది. జడ్జిగారి ముందు గౌను మార్చడం ఇక కుదరదు, కొత్తది సంచీలోనే ఉండిపోయింది. సగమమ్మ సూది తీసింది. గోడగడియారంలో పదకొండూ పది. రెండు వరసలు. దారం బంతి చంకలో ఇరుక్కుని జారుతుంటే పెద్దాయన చేయి చాపాడు.

"పట్టుకోమంటావా అమ్మా? ఆరేళ్లుగా ఇక్కడ ఉత్త చేతుల్తోనే నిలబడుతున్నాను."

ఆయన చక్కగా పట్టుకున్నాడు. కావలసినంత దారమే వదిలాడు. మొదటి వరస పూర్తయింది. రెండో వరస మొదలవుతుండగా ఆమె లోపలున్నవాళ్లు లేచి చెప్పులు వెతుక్కోసాగారు. ఇప్పుడు వెళ్లిపోవచ్చు, కోర్టులో ఎవరు అల్లగలరు, టీచరు అర్థం చేసుకుంటుంది. ఇంత మంచి సాకు ఆమెకు ఇంతవరకూ దొరకలేదు. కానీ వెళితే లేసు వెళ్లదు. అది నిలువెత్తు మనిషికి కుట్టి ఉంది.

భర్త భుజాలు కిందికి దిగాయి, కూర్చోబోతున్నాడు.

"కూర్చోకండి! ఇంకా ఒక వరసుంది."

"చెప్పాల్సిందంతా అయిపోయిందే!"

"చెప్పకూడనిదైనా చెప్పండి. నిలబడండి చాలు."

ఆయన నిలబడ్డాడు. గోడ పొడవు చెప్పాడు, ఎత్తు చెప్పాడు, దాని మీద పాకిన తీగ గురించి చెప్పాడు. వర్షాకాలంలో గోడ ఎలా నానుతుందో చెప్పాడు. వెనక నుంచి దారం చిన్నగా లాగినప్పుడల్లా ఇంకో వాక్యం కలిపాడు. మాటలు అయిపోయాయి, తరవాత అబద్ధాలు కూడా అయిపోయాయి. మిగిలింది నిజమొక్కటే. "అసలా గోడ కట్టినప్పుడు సార్, పాపం పక్కింటాయనే స్వయంగా ఇటుకలు మోసుకున్నాడు. మా పార్టీ అప్పుడు ఊళ్లోనే లేడు" అన్నాడు.

వెనక సగమమ్మ చివరి ముడి వేసి, దారం పంటితో కొరికింది.

జడ్జిగారు కలం తీశారు. గోడ పక్కింటాయనది. మొత్తం తీర్పు నాలుగు వాక్యాలు. కుర్చీల సంగతి పైవారికి రాస్తామన్నారు, కార్యదర్శి గర్వంగా రుమాలు సర్దుకున్నాడు. లాయరుగారు పాలిపోయి వెనక్కి తిరిగాడు. పెద్దాయన దారం బంతి సగమమ్మ చేతిలో పెట్టాడు.

"ఓడిపోయామా బాబూ?"

"ఓడిపోయామండీ."

"అయితే మళ్లీ రానక్కర్లేదుగా?" అని ఆయన ఇద్దరికీ దండం పెట్టి, గబగబా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

గేటు దగ్గర కత్తెర తీసుకుని, కాపలా మనిషి బల్ల ముందే భర్తను నిలబెట్టి, సగమమ్మ కుట్లు ఒక్కొక్కటీ కత్తిరించింది. లేసు ఊడి చేతిలో పడింది. తిప్పి చూసింది. ఆరు నెలల్లో దాని మొహం చూడటం అదే మొదటిసారి. తొమ్మిది గులాబీలూ పైకి లేచి ఆమెనే చూస్తున్నాయి. ఆమెకు చప్పున ఏడుపొచ్చింది. ఎందుకో వెతుక్కునే టైము లేదు, పన్నెండున్నర దాటింది.

బల్ల దగ్గర లేసు టీచరు కాలరును అటూ ఇటూ తిప్పింది. కళ్లజోడు తుడుచుకుంది.

"మిగతా వాళ్లవన్నీ బల్లమీద అల్లినవి. మెడకు పెడితే అప్పడాల్లా నిలబడుతున్నాయి. నీది భుజాలమీద నీళ్లలా వాలుతోంది. దేనిమీద అల్లావు?"

"మా ఆయన మీదండీ."

టీచరు గుమ్మంలో నిలబడ్డ లాయరుగారి భుజాలను ఈ చివరి నుంచి ఆ చివరికి కొలిచినట్టు చూసింది. "ఖాళీగా ఉంటే రేపటి నుంచి క్లాసుకు తీసుకురా" అంది.

చేతిలో ఉన్న ఒక్క కేసూ ఆ ఉదయమే తేలిపోవడంతో, ఆయన ఖాళీగానే ఉన్నాడు.