పాత డిస్కుకు పెద్దపీట

ధ్రువపత్రాల కార్యాలయంలోని కంప్యూటరుకు కూడా సీనియారిటీ నిబంధనలు వర్తిస్తాయని సూపరింటెండెంటుగారు లిఖితపూర్వకంగా ఉత్తర్వు జారీ చేశారు. కంప్యూటరు చదువుకోవడానికి వీలుగా ఆ కాగితాన్ని దాని ఎదుటి గోడకే అంటించారు.

విషయం ఏమిటంటే, మీట నొక్కగానే ఏ కంప్యూటరైనా ముందు తన కడుపులో ఎవరెవరున్నారో హాజరు వేసుకుంటుంది. తర్వాత ఒక జాబితా పట్టుకుని, పని మొదలెట్టే సరంజామా ఎవరి దగ్గరుందో వరుసగా అడుగుతూ పోతుంది. ఆ వరుసను మనుషులు మార్చుకోవచ్చు. మార్చుకోవచ్చన్నారు కదా అని సూపరింటెండెంటుగారు మార్చారు.

మొదటి స్థానం పదిహేనేళ్ల సర్వీసున్న పాత డిస్కుకు దక్కింది. కార్యాలయంలో దాన్ని గౌరవంగా పెద్దాయన అంటారు. పెద్దాయన చెడిపోయి ఏడాదైంది. అయితే చెడిపోవడం అనర్హత అని నిబంధనల్లో ఎక్కడా లేదు. రెండో స్థానం సీడీల పెట్టెది. అందులో సీడీ లేదు. మూడోది పైఅధికారి బావమరిది ఇచ్చిన పెన్‌డ్రైవుది. అందులో ఆయన పెళ్లి ఫొటోలు తప్ప మరేమీ లేకపోయినా, వెనకాల సిఫారసు ఉంది. పని తెలిసిన కొత్త డిస్కు మొన్నమొన్ననే చేరింది కాబట్టి చిట్టచివర నిలబడింది.

ఉదయం పదింటికి ఆపరేటరమ్మ మీట నొక్కేది. పెద్దాయన కర్రుకర్రుమని గొణిగేవాడు. కంప్యూటరు ఓపిగ్గా మళ్లీ మళ్లీ అడిగి, విసిగి, సీడీల పెట్టె తలుపు తట్టి, పెళ్లి ఫొటోలు తిరగేసి, కొత్త డిస్కు దగ్గరికి చేరేసరికి పన్నెండున్నర అయ్యేది. ఒంటిగంటకు భోజన విరామం. విరామంలో కరెంటు ఆదా చేయాలని ఇంకో ఉత్తర్వు ఉన్నందువల్ల కంప్యూటరు కట్టేసేవారు. రెండింటికి మళ్లీ పెద్దాయనతో మొదలు.

ఆపరేటరమ్మది తాత్కాలిక ఉద్యోగం. శుక్రవారంలోగా ఇంకో రెండు వందల పత్రాలు పూర్తిచేస్తే పర్మినెంటు, లేకపోతే ఇంటికి. ఆమె జీతం మీదే ఇల్లు గడుస్తోంది. భయమేసి, సోమవారం ఎవరూ చూడకుండా కొత్త డిస్కును జాబితాలో పైకి జరిపింది. నిమిషంలో తెర వెలిగింది. భోజనాల వేళకు అరవై పత్రాలు తయారయ్యాయి.

సూపరింటెండెంటుగారు హడలిపోయారు.

"ఏమ్మా, నిన్నగాక మొన్నొచ్చినదాన్ని తెచ్చి పెద్దాయన నెత్తిన కూర్చోబెడతావా?"

"పెద్దాయన పోయాడు సార్. పలకట్లేదు."

"పలక్కపోతే? ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను. ఏ ఫైలైనా ముందు నా దగ్గరికే రావాలి. వచ్చాక నేనేమైనా చేస్తానా? చెయ్యను. అయినా వస్తుంది. వ్యవస్థంటే అదమ్మా!"

సిబ్బంది చప్పట్లు కొట్టారు. వరుస మళ్లీ యథాస్థానానికి వచ్చింది. అయినా సూపరింటెండెంటుగారిది వెన్నలాంటి మనసు. జనం సంతకాలు పెట్టి అర్జీ ఇస్తే పునఃపరిశీలిస్తానని హామీ ఇచ్చారు.

ఆపరేటరమ్మ ప్రాణం లేచొచ్చింది. అర్జీ తానే రాసి వరండాలోకి తీసుకెళ్లింది. అక్కడ పత్రాల కోసం డెబ్బైమంది వరుసలో ఉన్నారు. చచ్చిన డిస్కును ముందు కూర్చోబెట్టడమేమిటని అందరూ సూపరింటెండెంటుగారిని కడిగిపారేశారు. ఇంత మూర్ఖత్వం లోకంలో ఇంకెక్కడా ఉండదని తీర్మానించారు. ఆమె పెన్ను అందించింది.

"పెద్దవాళ్లుండగా నేనెలా పెడతానమ్మా? హెడ్‌మాస్టరుగారు పెట్టనీ" అన్నాడు దర్జీ.

అందరూ అదే మాటన్నారు. రిటైరైన హెడ్‌మాస్టరుగారు ఆ వరుసలో అందరికన్నా పెద్దవారు. ఆయన కళ్లజోడు మరిచిపోయి వచ్చారు. చదవనిదే సంతకం పెట్టనని, రేపొస్తానని వెళ్లారు. మంగళవారం ఆయనకు మోకాలి నొప్పి. బుధవారం కూడా రాలేదు. గురువారం నిద్ర లేవలేదని కబురొచ్చింది. లేచేదాకా ఆగుదామని వరండా ఏకగ్రీవంగా నిర్ణయించింది.

శుక్రవారం నాలుగున్నరకు అర్జీ కింద సంతకాల చోటు తెల్లగానే ఉంది. చంకలో పిల్లను ఎత్తుకున్న ఒకావిడకు ఉండబట్టలేదు.

"ఉద్యోగం పోయేది నీదే కదమ్మా. ముందు నువ్వే పెట్టేయరాదూ? నీ వెనక మేమూ పెడతాం."

ఆపరేటరమ్మ నాలుక కరుచుకుంది.

"అయ్యో, ఏం బాగుంటుందండీ? ఇంతమంది పెద్దవాళ్లుండగా ముందు నేనా!" అంటూ రెండడుగులు వెనక్కి వేసి, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది.