గుండయ్య మెడలో వరిదండ

ఒక పెద్ద అడవిలో వాగు పక్కన గుండయ్య అనే దున్నపోతు వరి సాగు చేసుకుంటూ ఉండేవాడు. అడవి మొత్తానికి వరి పొలం అదొక్కటే. భార్య నాగులు, ఇద్దరు పిల్లలు. ఏడాది తిండీ, వచ్చే ఏటికి విత్తనమూ ఆ పొలంలోంచే రావాలి.

పైరు కంకి మీదున్నప్పుడు అడవి సభ కార్యదర్శి నక్క వచ్చింది.

"గుండయ్యగారూ, సభలో రైతు ప్రతినిధి కుర్చీ ఖాళీగా ఉందండీ. కష్టపడి పండించేవాళ్లు మీరు కాక ఇంకెవరున్నారు?"

గుండయ్య ఉబ్బిపోయాడు. పోటీ లేకుండా గెలిచాడు. ఇక చూస్కోండి, ఒకటే సన్మానాలు! కుందేళ్ల పెళ్లికి పిలుపు, కోతుల సంఘం వార్షికోత్సవానికి పిలుపు. రైతు నాయకుడికి పూలదండలేమిటి, వరికంకుల దండే వెయ్యాలని నక్క ఆనవాయితీ పెట్టింది.

సభ ముగియగానే గుండయ్య దారిలో ఆ దండ నమిలేసేవాడు. ఎంత నాయకుడైనా దున్నపోతే కదా పాపం!

"ఆహా, ఏం రుచి! ఎవడు పండించాడో గానీ చెయ్యి తిరిగిన రైతు" అని మెచ్చుకునేవాడు. అడవిలో వరి పండించేది తనొక్కడేనని ఆ క్షణాన గుర్తొస్తేనా!

"ఏమయ్యా, పొలం రోజురోజుకీ పలచబడుతోంది. ఒక్కసారి వచ్చి చూడు" అని నాగులు మొత్తుకుంది.

"చిలకల పనే అయ్యుంటుంది. సభలో చెప్పి వాటిని వెళ్లగొట్టిస్తాలే."

అన్నంత పనీ చేశాడు. చిలకలు లబోదిబోమంటూ పొరుగు అడవికి పోయాయి. పొలం మాత్రం పలచబడుతూనే ఉంది.

రైతు పండగ వచ్చింది. మృగరాజు వస్తున్నాడు. గుండయ్య కొత్త దండతో వేదిక మీద నిలబడ్డాడు. ఇంతలో నాగులు పిల్లల్ని వెంటేసుకుని రొప్పుతూ వచ్చింది.

"నీ నాయకత్వం తగలెయ్య! నక్క పంపిన కోతి మన పొలంలో కంకులు కోస్తుంటే కళ్లారా చూశానయ్యా. నీ మెడలో ఉన్నది మన పంటే. ఇక మిగిలింది ఆ ఒక్క దండే. విత్తనానికైనా ఉంచు!"

గుండయ్యకు పిల్లల డొక్కలు చూస్తే ఏడుపొచ్చింది. దండ తీసి నాగులు వైపు కదిలాడు.

అప్పుడే సింహం వేదికెక్కింది. నక్క గుండయ్య చెవిలో ఊదింది. "రాజుగారికి వెయ్యండి. మంత్రి పదవి మీకేనని మాట్లాడి పెట్టాను."

గుండయ్య భార్యను చూశాడు, సింహాన్ని చూశాడు. దండ సింహం మెడలో వేశాడు. చప్పట్లు మారుమోగాయి. జూలులో కంకులు గుచ్చుకుని సింహం ఒళ్లు విదిలించింది. రాలిన గింజల్ని ఎలుకలు ఒక్కటి కూడా వదల్లేదు.

మర్నాడు గుండయ్య పదవి సంగతి అడిగాడు. నక్క కళ్లజోడు సర్దుకుంది.

"పదవి రైతుకు కదండీ. మీ పొలంలో మోళ్లే మిగిలాయట. పంట లేనివాళ్లు రైతులెలా అవుతారు? ఆ కుర్చీ కూడా ఖాళీ చెయ్యండి."

"ఆ పంట కోయించింది నువ్వే కదటయ్యా!"

"మరి తిన్నదెవరండీ?"

బయట కోతులు మేళం కడుతున్నాయి. కొత్త రైతు ప్రతినిధి, ముల్లంగి మడి వేసిన కుందేలు, సిగ్గుపడుతూ వస్తోంది. దాని మెడలో ముల్లంగి దండ ఉంది.

నీతి: రైతు చితికిపోవడానికి కరువే రానక్కర్లేదు, నాలుగు సన్మానాలు చాలు.