సముద్రం పూడ్చిన పీరు

పాత ప్రపంచ పటాల్లోని తప్పులన్నీ తొంభై రోజుల్లో సరిదిద్దుతామని మంత్రి వెంకటప్పయ్యగారు విజయవాడలో ప్రకటించారు. లోకంలో ఇంకే ప్రభుత్వానికీ తట్టని ఆలోచన. ప్రదర్శనకు తెచ్చిన నాలుగొందల ఏళ్ల నాటి పటంలో విజయవాడ ఉండాల్సిన చోట సముద్రం, అందులో రెండు తోకల చేప కనపడేసరికి ఆయన మనసు గాయపడింది.

ఆటోనగర్‌లో లారీల మీద అక్షరాలు రాసే పీరుకి కబురెళ్లింది. పటం చూడగానే అతను కుంచె పక్కన పెట్టేశాడు.

"పాతదండీ. పెయింటు పడితే మళ్లీ పోదు."

"పోకూడదనేగా నిన్ను పిలిచింది!" అన్నారు మంత్రిగారు.

పీరు సముద్రాన్ని పూడ్చి విజయవాడ పెట్టాడు. గన్నవరంలో విమానం దింపాడు. చేపను చెరపబోతుంటే స్పెషలాఫీసరు రామకోటేశ్వరరావుగారు అడ్డుపడ్డారు.

"ఆగు. చేప మత్స్యశాఖది. ఎన్‌ఓసీ రావాలి."

చేప విమానం పక్కనే నేలమీద ఉండిపోయింది.

"సింహళం మన దేశమంత ఉందేమిటయ్యా? తగ్గించు," అన్నారు మంత్రిగారు.

"అది ఫారిన్ సార్. ఢిల్లీకి రాయాలి," అన్నారు స్పెషలాఫీసరు.

సింహళం జోలికి ఎవరూ పోలేదు. మంత్రిగారి సొంతూరు మాత్రం ఎవరి పర్మిషనూ లేకుండానే సింహళమంత పెరిగింది.

మంత్రిగారు మురిసిపోయారు. "అడగవోయ్, నీకేం కావాలో!"

పీరు ఎన్నడూ ఎవరినీ ఏమీ అడిగి ఎరగడు. "మా ఊరికి రోడ్డు లేదండీ. బస్సు రాదు. మొన్న వానల్లో మా చెల్లెలు ముబీనాని కాన్పుకి మంచం మీద మోసుకొచ్చాం. బిడ్డ దక్కలేదండీ."

మంత్రిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇంతేనా! వెయ్యి. నీ చేత్తోనే వెయ్యి."

చప్పట్లు మోగాయి. ఫొటోలు తీశారు. పీరు కళ్లనీళ్లు తుడుచుకుంటూ, పెయింటుకి వెనకాడకుండా డబుల్ రోడ్డు వేశాడు.

వానాకాలం మళ్లీ వచ్చింది. రోడ్డు రాలేదు. ముబీనాకి మళ్లీ నెలలు నిండుతున్నాయి. పీరు అర్జీ పట్టుకుని రోడ్ల ఆఫీసుకి వెళ్లాడు. ఇంజనీరుగారు ఫైలు తీసి చూశారు.

"మీ ఊరికి రోడ్డుందే! పటంలో క్లియర్‌గా ఉంది."

"అది నేను వేసిందేనండీ!"

"మెల్లగా అనండి. పటం నాలుగొందల ఏళ్లది. రోడ్డూ అప్పటిదే కదా. హెరిటేజ్ కింద చేర్చాం. తట్ట మట్టి వేసినా, తారు పోసినా నేరం. అక్కడ బోర్డు పెట్టమని ఆర్డరొచ్చింది. మీరు రాస్తారుగా?"

పీరు అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అక్షరాలు కాస్త పెద్దవి వెయ్యండి," అన్నారు ఇంజనీరుగారు ఫైలు మూస్తూ. "బస్సులో పోయేవాళ్లకి కనపడాలి."