కాళ్ళ గడిలో సున్నా

భూమ్మీది ప్రతి ప్రాణికీ బతికే హక్కుంది, దరఖాస్తు సరిగ్గా నింపితే. ఈ మహావాక్యం మా జీవజాతుల నమోదు కార్యాలయం గోడ మీద ఉంది. రాసింది నేనే. కంప్యూటర్‌లో ఆ దరఖాస్తు తయారుచేసిందీ నేనే. (నా సర్వీసంతా కలిపి చేసిన పనులు ఈ రెండే. రెండోది చేయకపోయినా బాగుండేది.)

ఆ రోజు ఒక పరిశోధకురాలు మోకాళ్ళదాకా బురదతో వచ్చి నా బల్ల ముందు కూర్చుంది. అడవిలో మట్టి తొలుచుకుని బతికే కొత్తరకం బల్లిని కనిపెట్టిందట. వానపాములా ఉంటుందట, కళ్ళ మీద పొలుసు కప్పేసి ఉంటుందట, కాళ్ళుండవట. లోకం మొత్తమ్మీద ఒక్క గుట్ట మీదే దొరుకుతుందట. నెలాఖరులోగా నమోదైతే గుట్ట ఉంటుంది, లేదంటే రోడ్డు కోసం తవ్వేస్తారు.

కాళ్ళ గడిలో ఆమె సున్నా వేసింది. కంప్యూటర్ ఒప్పుకోలేదు. బల్లి అన్నాక కనీసం రెండు కాళ్ళుండాలని నా నిబంధన. (అది రాసిన మధ్యాహ్నం నేను కునికిపాట్లు పడుతున్నాను.) పాముల విభాగానికి పంపితే, ఇది బల్లి కదా అని వాళ్ళు మర్యాదగా తిప్పి పంపారు.

మగవాటికి మాత్రం వెనకవైపు కాళ్ళ ఆనవాళ్ళు రెండు ఉంటాయని ఆమె చెప్పగానే నా మొహం వెలిగిపోయింది. మగవాటిని చకచకా నమోదు చేశాను. ఆడవాటిని ఆధారపడిన కుటుంబసభ్యులుగా చేర్చబోతే కంప్యూటర్ పెళ్ళి ధ్రువపత్రం అడిగింది.

"నిబంధన మీరే రాశారు కదండీ, మీరే మార్చొచ్చుగా?" అంది ఆమె.

"మార్చొచ్చమ్మా. కానీ మారిస్తే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు అవుతుంది."

ఆమె నన్ను ఇంకో కొత్త జాతి దొరికినట్టు చూసింది. నాకు నిజంగానే సిగ్గేసింది. సిగ్గుకి దరఖాస్తులో గడి లేదు కాబట్టి ఫైలు పై అధికారికి పంపేశాను. పాదముద్రలు జతచేయలేదని ఆయన వెనక్కి కొట్టారు. పాపం, ఆయన్నేమీ అనలేం, ఆ గడీ నేనే పెట్టాను.

నెలాఖరు వెళ్ళిపోయింది. గుట్టా వెళ్ళిపోయింది. ఆ తర్వాతి వారం నిబంధన సవరించమని ఆదేశం వచ్చింది. సవరించడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆమెకు ఫోన్ చేసి శుభవార్త చెప్పాను. ఆమె వచ్చి, దరఖాస్తు మళ్ళీ నింపింది.

కాళ్ళ గడిలో సున్నా వేసింది. కంప్యూటర్ తీసుకుంది. చివర్న, మిగిలిన జీవుల సంఖ్య గడిలోనూ సున్నా వేసింది. అదీ తీసుకుంది. ఆ గడి మొదటినుంచీ సున్నా తీసుకుంటుంది, దరఖాస్తు మొత్తంలో నేను శ్రద్ధగా చేసింది అదొక్కటే.