ఎక్కడికీ పోని వైరు

సాయంత్రం హోటల్లో వాయించి చూపించాలి; నచ్చితే శనివారాల కచేరీ ఆవిడదే. ఇన్నాళ్లూ వంటింట్లో వాయించుకున్న మనిషికి అదే మొదటి అవకాశం. అందుకని ఉదయం కాఫీ తాగుతూ ఆవిడ అనుకున్నది చాలా చిన్న పని: ఎలక్ట్రిక్ గిటారులోంచి జుమ్మని మోత వస్తోంది, షాపుకు తీసుకెళ్లి బాగుచేయించుకోవాలి.

"ఇంట్లో నేనుండగా షాపెందుకే?" అన్నారు భర్తగారు. వీధిలో అందరూ ఆయన్ని రిపేర్ల బావగారంటారు. ఆయన బాగుచేసిన ఫ్యాను ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఆపడం ఎవరి వల్లా కాలేదు.

"ఏవండీ, ఈ ఒక్కరోజు వదిలెయ్యండి."

"నువ్వు పాట సంగతి చూసుకో. మిగతాది నాకొదిలెయ్."

వెనక మూత విప్పారు. లోపల వైర్లన్నీ ఎక్కడో ఒకచోట అతికించి ఉన్నాయి. ఒక్క నల్ల వైరు మాత్రం చెక్కలోని కన్నంలోకి దూరి మాయమైంది. పట్టి లాగితే మారుమాట లేకుండా చేతిలోకి వచ్చేసింది.

"చూశావా? దేనికీ తగిలించి లేదు. ఎక్కడికీ పోని వైరు!" అని మొదలంటా కత్తిరించి చెత్తబుట్టలో వేశారు. అది మోత రాకుండా అణిచిపెట్టే గ్రౌండు వైరు. తీగలు ఆనే ఇనప పట్టీ కింద అది వదులవడమే అసలు జబ్బు. బిగించాల్సినదాన్ని బావగారు కోసేశారు.

దాంతో మోత గర్జనయింది. బావగారు మాత్రం తొణకలేదు. "ఇది ఫ్రిజ్జు పనే," అని ఫ్రిజ్జు ఆపారు. ఆగలేదు. పైవాటా వాళ్ల చేత మోటారు ఆపించారు. ఆగలేదు. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టు, కిందికెళ్లి మొత్తం భవనానికే మెయిన్ ఆపేశారు.

"ఆగిందా?" అని కిందనుంచే కేకేశారు.

"కరెంటు లేకపోతే ఆగక ఏం చేస్తుందండీ!"

ఆ జవాబు ఆయన చెవిన పడలేదు. లిఫ్టులో ఇరుక్కున్న ఇంటి ఓనరు అరుపులు అంతకంటే గట్టిగా ఉన్నాయి. ఆయన్ని బయటికి లాగి, తిట్లు పూర్తిగా విని వచ్చేసరికి షాపు కట్టేశారు.

హోటల్లో భోంచేస్తున్న జనం ముందు వేదికెక్కి ఆవిడ తీగ మీటగానే మేనేజరు చెవులు మూసుకున్నాడు. ఆవిడకు ఏడుపొచ్చింది. "ప్లగ్గు వదులై ఉంటుంది," అంటూ బావగారు ధీమాగా వేదికెక్కి, ఒక చేత్తో గిటారుకు ప్లగ్గు గుచ్చే సాకెట్టు ఇనుము, ఇంకో చేత్తో తీగల కింది పట్టీ పట్టుకున్నారు. మోత ఠక్కున ఆగింది. చెయ్యి తీశారు, వచ్చింది. పెట్టారు, ఆగింది.

"కదలకండి," అంది ఆవిడ.

"ఏమే?"

"మీరు కోసేసిన వైరు పని ఇప్పుడు మీరే చేస్తున్నారు. అలాగే ఉండండి."

బావగారు మోకాళ్ల మీద కూర్చుండిపోయారు. ఆవిడ కళ్లు తుడుచుకుని, కోపమంతా వేళ్లలోకి తెచ్చుకుని వాయించింది. అంత బాగా ఎప్పుడూ వాయించలేదు.

పాట అయ్యాక మేనేజరు వచ్చి ఆవిణ్ణి దాటి నేరుగా బావగారి చేతులు పట్టుకున్నాడు. "ఆవిడ పాట బాగుందండీ. కానీ పెళ్లాం వాయిస్తుంటే మోకాళ్ల మీద కూర్చుని గిటారు వదలని మొగుణ్ణి నేనెక్కడా చూళ్లేదు. జనం మీ మీంచి కళ్లు తిప్పితే ఒట్టు! శనివారాలు ఇద్దరూ రావాలి. మీరు లేకపోతే కచేరీ లేదు."

మర్నాడే ఆవిడ షాపులో కొత్త వైరు వేయించింది.

"బాగైపోయిందిగా, ఇంక నేనెందుకే? నడుం పట్టేస్తోంది," అన్నారు బావగారు.

"ఉద్యోగం పోగొడతారా ఏంటి? కూర్చోండి."

ఇప్పుడు ప్రతి శనివారం ఆవిడ వాయిస్తుంది, ఆయన పట్టుకుంటారు. చప్పట్లు మాత్రం ఆయనకే ఎక్కువ.